వసపిట్టలున్న ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆరేళ్ల లోపు పిల్లల మాటల గురించే. ఏడింటిని ఎంచుకుని, ఇంట్లో చేసి చూడగలిగేలా వివరంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి నిద్రపోయేదాకా వాడి నోరు ఆగదు. ఎనిమిదింబావుకు స్కూల్ ఆటో వస్తుంది. అప్పటిదాకా స్టవ్ దగ్గర నా కొంగు పట్టుకుని "ఎందుకు, ఎందుకు" అంటూనే ఉంటాడు. విసుగొచ్చి అరుస్తున్నాను, తర్వాత బాధపడుతున్నాను. – ఒక తల్లి, హన్మకొండ

జవాబు: నాలుగేళ్ల పిల్లవాడు నోటితోనే ఆలోచిస్తాడు. మనం మనసులో అనుకునేది వాడు పైకే అనేస్తాడు. బొమ్మ లారీని తోస్తూ "ఇప్పుడు రివర్స్, ఇగ బ్రేకు" అని తనలో తాను చెప్పుకుంటున్నాడంటే ఆ పనిని ఆలోచిస్తున్నాడన్నమాట. ఆరేడేళ్లు వచ్చేసరికి ఈ మాట మెల్లగా లోపలికి పోతుంది. అందుకని వాడన్న ప్రతిదానికీ మీరు ఊఁ కొట్టాల్సిన పని లేదు. మీ ముఖం చూడకుండా అనేవి వాడి కోసం వాడు అనుకునేవి, వాటిని వదిలేయండి. కొంగు లాగి, మీ కళ్లలోకి చూసి అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి. ఈ తేడా పట్టుకున్న రోజు నుంచే మీ అలసట తగ్గుతుంది.

ఇక "ఎందుకు" విషయం. "పాలెందుకు పొంగుతయ్?" అని అడిగితే "ఊరికే" అన్నారనుకోండి, నిమిషంలో మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, ఎందుకంటే వాడికి జవాబు దొరకలేదు. "కాగినప్పుడు పైన మీగడ మూతలెక్క కడతది, కింద ఉన్న ఆవిరి బయటికి రావాలని దాన్ని పైకి తోస్తది" అనండి. గరిటె పెట్టి ఆ మూత చిరగడం, పొంగు దిగడం చూపించండి (వాడిని స్టవ్‌కు రెండడుగుల దూరంలో పీట మీద నిలబెట్టి మాత్రమే). పది సెకన్ల పని. చాలాసార్లు ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. మీకు తెలియనిదైతే, ఉదాహరణకు మేడారంలో బెల్లాన్ని బంగారం అని ఎందుకంటారని అడిగితే, "నాకు తెల్వదు, రాత్రి తాతకు ఫోన్ చేసి అడుగుదాం" అనండి. రాత్రి నిజంగా ఫోన్ చేయండి. "చెప్పులెందుకు ఏసుకోవాలె?" లాంటివి ప్రశ్నలు కావు, మారాం. అక్కడ వివరణ మొదలుపెడితే ఆటో వెళ్లిపోతుంది. "ఎర్రవా, నల్లవా?" అని అడిగి తొడిగించేయండి.

పొద్దుటి హడావుడికి కుక్కర్‌ను వాడుకోండి. "ఐదు నిమిషాలాగు" అంటే నాలుగేళ్ల వాడికి ఏమీ అర్థం కాదు. "రెండు విజిల్స్ వచ్చినంక చెప్పు" అంటే అర్థమవుతుంది, లెక్కపెట్టుకుంటాడు కూడా. చాలా ఇళ్లలో ఇది తప్పేది మన వల్లే. రెండో విజిల్ రాగానే మనం టిఫిన్ డబ్బా మూత వెతుకుతూ ఉంటాం, వాడి సంగతి మర్చిపోతాం. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి వాడు ఆగడు. విజిల్ రాగానే మంట తగ్గించి, ముందు వాడి వైపు తిరిగి "ఇగ చెప్పు, లారీ ముచ్చట కదా" అనండి. ఆలోపు వాడు మర్చిపోయి ఉంటాడు కాబట్టి ఆ ఒక్క మాట మీరే గుర్తుపెట్టుకుని అందించాలి.

మీరు ఫోన్‌లో ఉన్నప్పుడు మధ్యలో దూరకుండా ఇంకో అలవాటు చేయండి. చెప్పాల్సింది ఉంటే వాడు మీ ముంజేతి మీద చెయ్యి వేయాలి. "ఇంటున్న, ఆగు" అన్నట్టు ఆ చేతి మీద మీరు చెయ్యి వేయాలి. మొదటి వారం ముప్పై సెకన్లకు మించి ఆపకండి. నెల రోజుల్లో రెండు నిమిషాలకు చేరతారు. ఫోన్ లేనప్పుడు, ఆటగా నాలుగైదుసార్లు సాధన చేయించాకే నిజం ఫోన్ దగ్గర పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, సాయంత్రం పది నిమిషాలు వాడివి. టీవీ ఉండకూడదు, మీ చేతిలో ఫోన్ ఉండకూడదు. ఏం మాట్లాడాలో వాడే ఎంచుకోవాలి. వాడొక మాట అన్నాక మనసులో ఐదు లెక్కపెట్టి అప్పుడు మాట్లాడండి, పిల్లలకు తర్వాతి మాట కూడగట్టుకోవడానికి అంత సమయం కావాలి. "కుక్క ఉరికింది" అంటే "అవును, ఆ నల్ల కుక్క ఆటో ఎనుక ఉరికింది" అని రెండు మాటలు కలిపి తిరిగి ఇవ్వండి. పది నిమిషాలూ ప్రశ్నలతోనే నింపేస్తే అది పరీక్ష అయిపోతుంది. పది నిమిషాలు కడుపునిండా విన్న రోజు రాత్రి పడకలో ముచ్చట్లు కూడా తగ్గుతాయి.

ప్రశ్న: ఐదేళ్ల మా పిల్లవాడి గొంతు నెల రోజులుగా బొంగురుగా ఉంది. జలుబు, జ్వరం లేవు. తేనె, అల్లం ఇస్తున్నాం, తగ్గట్లేదు. – నర్సంపేట

జవాబు: మూడు వారాలు దాటిన బొంగురుకు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాల్సిందే. బాగా అరిచే పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో, స్వరతంత్రుల మీద చిన్న కాయల్లాంటివి కడతాయి. చేతికి పలుగూ పారా రాపిడికి కాయ కట్టినట్టే. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, అరుపు తగ్గితే అవీ తగ్గుతాయి.

ఎండాకాలంలో మన ఇళ్లలో కూలర్ ఒకపక్క మోగుతుంది, దాన్ని మించి వినబడాలని టీవీ పెంచుతాం, ఆ రెంటినీ మించి పిల్లవాడు అరుస్తాడు. ముందు అది సరిచేయండి. ఈ గదిలోంచి ఆ గదిలోకి కేకేసి మాట్లాడటం ఇంట్లో పెద్దలు కూడా మానాలి, దగ్గరికి వెళ్లి భుజం తట్టి చెప్పాలి. గొంతుకు విశ్రాంతి అని గుసగుసగా మాట్లాడించకండి, దాంతోనూ గొంతు అలుస్తుంది. మామూలు మెల్లని గొంతు చాలు. నీళ్లు తరచుగా తాగించండి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే పిల్లవాడికి వినికిడి పరీక్ష కూడా చేయించాలి, తనకు సరిగ్గా వినబడక గొంతు పెంచుతుండవచ్చు. బొంగురుతో పాటు ఊపిరి తీసుకోవడం కష్టమైతే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మూడున్నరేళ్ల మా బాబు గలగలా మాట్లాడేవాడు. రెండు నెలల నుంచి "నే నే నే నేను" అంటూ ఆగుతున్నాడు. మా తమ్మునికి చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. "మెల్లగా చెప్పు బిడ్డా" అని ఎంత చెప్పినా ఎక్కువవుతోంది. – ఒక తండ్రి, జమ్మికుంట

జవాబు: రెండు నుంచి ఐదేళ్ల మధ్య చాలామంది పిల్లలు ఇలా తడబడతారు. చెప్పాలనుకున్నది పెరిగిపోతుంది, దాన్ని పేర్చే నోరు ఇంకా అంత వేగంగా ఉండదు. నత్తి మొదలైన పిల్లల్లో కూడా నలుగురిలో ముగ్గురికి పైగా బయటపడతారు. అయితే తడబాటు ఏ రకమో మీరు గమనించాలి.

"నేను నేను నేను బడికి పోత" అని పూర్తి మాటను తిప్పి అంటే, "అది... ఏందంటే... అది" అని తడుముకుంటే అంత భయం లేదు. "బ బ బ బ బడి" అని మాటలోని తొలి ముక్కే నాలుగైదుసార్లు రావడం, "అఅఅఅఅమ్మ" అని సాగడం, నోరు తెరిచినా శబ్దం రాకుండా బిగుసుకుపోవడం, ఆ సమయంలో కళ్లు గట్టిగా మూయడం, మెడ బిగించడం, కాలు నేలకు కొట్టడం, ఇవి వేరు. "నాకు రాదు, నువ్వే చెప్పు" అని మాట వదిలేస్తున్నాడంటే వాడికి బాధ తెలుస్తోందని అర్థం.

మామూలు తడబాటైతే ఆరు నెలలు చూడొచ్చు. కానీ మీ ఇంట్లో నత్తి ఉంది, పిల్లవాడు మగబిడ్డ. ఈ రెండూ ఉన్నప్పుడు నత్తి తగ్గకుండా ఉండిపోయే అవకాశం ఎక్కువ. మీరు ఆగకుండా ఇప్పుడే స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి. వెళ్లేముందు ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడుతున్నప్పుడు మూడు నాలుగు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసుకోండి. కొత్తచోట పిల్లలు తడబడకపోవచ్చు, అప్పుడు ఆ వీడియోనే ఆధారం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి సమస్యల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ అలీ యావర్ జంగ్ ప్రాంతీయ కేంద్రం ఉంది.

"మెల్లగా చెప్పు", "ఊపిరి తీసుకుని చెప్పు" అనడం ఇవాళ్టి నుంచి ఆపండి. ఆ మాట ప్రేమతోనే అంటాం, కానీ పిల్లవాడికి మాత్రం "నువ్వు తప్పుగా మాట్లాడుతున్నావ్" అనే వినబడుతుంది. వాడి మాటను మీరు పూర్తి చేయకండి. చేస్తున్న పని ఆపి ముఖం చూడండి. మీ మాట వేగాన్నే తగ్గించండి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక క్షణం ఆగండి. వాడి ఎదుట చుట్టాలకు "చూడండి ఎట్ల మాట్లాడుతుండో" అని చెప్పించి వినిపించడం అసలే వద్దు. నాలుక కింద నరం కోయించమని ఎవరైనా చెబితే వినకండి, నత్తికీ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న: నాలుగేళ్ల మనవరాలు బువ్వ తింటూ ఒకటే ముచ్చట్లు. గంటయినా గిన్నె ఖాళీ కాదు. మొన్న పల్లీలు తింటూ నవ్వి కొరబోయింది, భయపడ్డాం. – ఒక తాత, పరకాల

జవాబు: గంట సంగతి తర్వాత, ముందు పల్లీల సంగతి. మింగేటప్పుడు ఊపిరి గొట్టం మూసుకుంటుంది. మాట్లాడినా, నవ్వినా అది తెరుచుకుంటుంది. నోట్లో నలగని పల్లి ఉంటే గాలితో పాటు లోపలికి జారుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, పుట్నాలు, వేయించిన మక్క గింజలు గింజగా ఇవ్వొద్దు. దంచి పొడి చేసి, బెల్లంతో ముద్ద చేసి ఇవ్వండి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. సీతాఫలం, రేగుపండ్లు గింజ తీసి పెట్టాలి. నాటుకోడి కూరలో చిన్న ఎముక ముక్కల్ని వేళ్లతో తడిమి చూడాలి.

ఎప్పుడైనా అడ్డుపడితే: గట్టిగా దగ్గుతోంది, ఏడుస్తోంది అంటే గాలి పోతోందని అర్థం. దగ్గనివ్వండి, వీపు మీద కొట్టకండి, నీళ్లు తాగించకండి. దగ్గు రాక, గొంతు పెగలక, పెదాలు నీలమవుతుంటే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు గట్టిగా వేయండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5సార్లు నొక్కండి. బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయండి, ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేళ్లు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. (పొట్ట నొక్కడం ఏడాది దాటిన పిల్లలకే. పసిబిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పెట్టి వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో 5 నొక్కులు.)

మొన్నటి సంగతి గురించి ఒక మాట. కొరబోయాక దగ్గు తగ్గిపోయినా, తర్వాతి రోజుల్లో పిల్లి కూతలు, పదే పదే దగ్గు, జ్వరం వస్తే డాక్టర్‌కు "ఫలానా రోజు పల్లి తింటూ కొరబోయింది" అని తప్పక చెప్పండి. పల్లి ఊపిరితిత్తిలోకి జారి అక్కడే ఉండిపోయిన పిల్లలకు ఆస్తమా మందులు వాడుతూ రోజులు గడిచిపోతుంటాయి.

గంటసేపు తినడానికి మందు మీ దగ్గరే ఉంది తాతగారూ. బుక్క నోట్లో ఉన్నంతసేపు ముచ్చట చెప్పే వంతు మీది, మింగినాక వంతు తనది. బుక్కకో వాక్యం లెక్కన కథ చెప్పండి. మంచి చోట ఆపి ఆమె నోటివైపు చూడండి, తానే గబగబా నమిలి మింగుతుంది. చిన్న బుక్కలు, కింద కూర్చుని తినడం, అరగంటకు గిన్నె తీసేయడం. తిరుగుతూ, ఊయలలో, ఆటోలో తినిపించడం వద్దు. ఒకపూట కొంచెం తక్కువ తింటే తర్వాతి పూట ఆకలే తినిపిస్తుంది.

ప్రశ్న: పెద్ద పాప వసపిట్ట. చిన్నవాడికి ఏడాదిన్నర దాటింది, "అమ్మ" కూడా అనడు. వస అరగదీసి నాలుక మీద రాయాలని మా అత్తమ్మ అంటోంది. – ములుగు

జవాబు: వస వద్దు. ఆమె మంచి మనసుతోనే చెబుతున్నారు, తరాలుగా ఉన్న అలవాటు. కానీ వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, పసిపిల్లలకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. మాట వచ్చేది నాలుక పదును వల్ల కాదు, చెవి వల్ల. ఏడాదిన్నరకు అమ్మ, నాన్న కాక కనీసం మూడు మాటలైనా అనాలి, రెండేళ్లకు "పాలు కావాలె" అని రెండు మాటలు కలపాలి.

ముందు వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడని చెవి బాగుందనుకోవద్దు, గట్టి శబ్దాలు వినబడి మాటలు వినబడని పిల్లలుంటారు. పేరు పిలిస్తే తిరుగుతాడా, వేలితో చూపిస్తాడా, మీ కళ్లలోకి చూస్తాడా అన్నవి రాసుకుని వెళ్లండి. పిల్లల ఆరోగ్య పరీక్షల బృందం, అంటే ఆర్‌బీఎస్‌కే వాళ్లు, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్ల కోసం ఎదురుచూడకుండా అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి దగ్గర్లోని సత్వర చికిత్స కేంద్రానికి (పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే ప్రభుత్వ కేంద్రం, డీఈఐసీ) రాయించుకోండి. అక్కడ పరీక్షకు డబ్బు తీసుకోరు. రెండేళ్ల లోపు ఫోన్, టీవీ అసలు చూపించొద్దు. ఇంకో సంగతి, వాడి బదులు అక్కే అన్నీ చెప్పేస్తుంటే "తమ్మున్ని చెప్పనీ" అని ఆమెను కాసేపు ఆపండి.

ప్రశ్న: మా ఇంట్లో లంబాడీ, ఇరుగుపొరుగు తెలుగు, బడిలో ఇంగ్లిష్. మూడేళ్ల పాప మూడూ కలిపి మాట్లాడుతోంది. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమని బడివాళ్లు అంటున్నారు. – మహబూబాబాద్

జవాబు: మీ భాష మానకండి. ఒక వాక్యంలో మూడు భాషలు కలపడం గందరగోళం కాదు, ఆ క్షణానికి ఏ మాట దొరికితే దాన్ని వాడుతోంది. ఎవరితో ఏ భాషో నాలుగైదేళ్లకు తానే విడదీసుకుంటుంది. "నానమ్మతో ఇట్ల, టీచర్‌తో అట్ల" అని ఇప్పుడే మారుస్తోందేమో గమనించండి, మారుస్తుంటే అది తెలివితేటలకు గుర్తు.

మనకు అంతంతమాత్రంగా వచ్చిన ఇంగ్లిష్‌తో ఇంట్లో మాట్లాడితే "కమ్, ఈట్, సిట్" అనే ఆజ్ఞలే మిగులుతాయి. పొలం, పెళ్లి, అలక, వాన గురించి మీరు సాగదీసి చెప్పగలిగేది మీ భాషలోనే. ఆ పొడవాటి వాక్యాలు, ఆ కథలే రేపు ఏ భాష చదవడానికైనా పనికొస్తాయి. లంబాడీకి సొంత లిపి లేకపోయినా తెలుగు అక్షరాల్లో రాయొచ్చు కదా, నానమ్మ చెప్పే కథల్ని ఒక నోట్‌బుక్‌లో రాసి పాపతో బొమ్మలు వేయించండి. పాపకు ఎన్ని మాటలొచ్చో లెక్కపెట్టాల్సి వస్తే మూడు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. అన్ని భాషల్లోనూ వెనకబడి ఉంటేనే పరీక్ష అవసరం. బడివాళ్లతో "ఇంగ్లిష్ మీరు నేర్పండి, కథలు మేం చెప్పుకుంటాం" అని మర్యాదగానే చెప్పండి.

ప్రశ్న: ఇంట్లో నోరు మూయని మా పాప (నాలుగున్నర) ఎల్‌కేజీలో ఐదు నెలలుగా ఒక్క మాట మాట్లాడలేదట. టీచర్ "మూగదా?" అని అడిగారు. పొగరు అంటున్నారు కొందరు. – ఒక తల్లి, జగిత్యాల

జవాబు: పొగరు కాదు, భయం. బడిలో చేరిన తొలి నెల మౌనంగా ఉండటం మామూలే. ఆ తర్వాత కూడా నెలకు పైగా, ఇంట్లో బాగా మాట్లాడుతూ బడిలో మాత్రం నోరు తెరవకపోతే దాన్ని ఎంపికచేసిన మౌనం అంటారు. పేరు అలా ఉంది గానీ పాప దాన్ని ఎంచుకోలేదు, అక్కడ గొంతు బిగుసుకుపోతుంది.

"హలో చెప్పు, చాక్లెట్ ఇస్త" అని బతిమాలినా, బెదిరించినా భయం పెరుగుతుంది. మెట్లుమెట్లుగా వెళ్లాలి. బడి వదిలాక, ఖాళీ తరగతి గదిలో మీరిద్దరే పావుగంట ఆడుకోండి, అక్కడి గోడలకు తన గొంతు అలవాటు కావాలి. పాప మామూలుగా మాట్లాడుతున్నాక టీచర్ తలుపు దగ్గర నిలబడి వేరే పని చేసుకుంటుండాలి, పాప వైపు చూడకూడదు. తర్వాతి రోజుల్లో ఒక్కో బెంచీ చొప్పున పాపకు దగ్గరగా రావాలి. చివరికి ఆటలో కూర్చుని "ఎర్రదా, పచ్చదా?" అని రెంటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్న వేయాలి. "అవునా, కాదా" అని అడిగితే తల ఊపి ఊరుకుంటుంది, అందుకే ఈ పద్ధతి. జవాబు కోసం ఐదు సెకన్లు ఆగాలి. రాకపోతే మామూలుగా ఆట సాగించాలి. మాట్లాడిన రోజు చప్పట్లు కొట్టించకండి, అందరి కళ్లూ ఒక్కసారి తన మీద పడితే మర్నాడు మళ్లీ మూగబోతుంది. "అవును, ఎర్రదే" అని టీచర్ ఆటలోని ఆ ముక్కను ముందుకు జరిపితే చాలు.

ఈలోగా బాత్రూమ్‌కు వెళ్లాలంటే చూపించడానికి ఒక బొమ్మ కార్డు తయారుచేసి ఇవ్వండి. అడగలేక తడుపుకునే పిల్లలు, రోజంతా నీళ్లు తాగకుండా ఉండే పిల్లలు ఉన్నారు. వాటర్ బాటిల్ సాయంత్రం నిండుగా తిరిగి వస్తోందేమో చూడండి. ఈ మెట్లతో రెండు నెలల్లో మార్పు లేకపోతే పిల్లల మానసిక నిపుణులను కలవండి, వెళ్లేటప్పుడు పాప ఇంట్లో మాట్లాడే వీడియో వెంట ఉండాలి. అదే వీడియో ముందుగా టీచర్‌కూ చూపించండి, పాపను పక్కన పెట్టుకుని మాత్రం కాదు.